మెట్లబావిని బతికించిన పనితనం

సిద్దిపేట నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చే బస్సులు సికింద్రాబాద్‌లో జూబ్లీ బస్‌స్టేషన్‌కు చేరతాయి. అక్కడికి దగ్గర్లోనే బన్సీలాల్‌పేట ఉంది. ఆస్పత్రి పని మీదో, ఆఫీసు పని మీదో పట్నం వచ్చే మన జిల్లా వాళ్లు ఒక గంట వెసులుబాటు చేసుకుని అక్కడి మెట్లబావి చూడాలని నా కోరిక. ఫొటో దిగి వచ్చేస్తే సరిపోదు. రాయి మీద రాయి ఎట్లా కూర్చుందో, బాగుచేసిన వాళ్లు ఎక్కడ చెయ్యి పెట్టారో, ఎక్కడ చెయ్యి ఆపుకున్నారో కాసేపు నిలబడి గమనించాలి. ఊరి పాలక సంస్థ ఒక పాత కట్టడాన్ని బాధ్యతగా తీసుకుని తెలిసినవాళ్ల చేత పనిచేయిస్తే ఏమవుతుందో చూపించడానికి తెలంగాణలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

బావి లోతు 53 అడుగులు. ఆరు అంతస్తులుగా కిందికి దిగుతుంది. నిండితే దాదాపు 22 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. 17వ శతాబ్దం నాటిదని చెబుతారు. వెడల్పాటి రాతిమెట్లు నేరుగా నీళ్ల దాకా దిగుతాయి. పక్కల రాతి స్తంభాల వసారాలు ఉన్నాయి. మండుటెండలో దిగినా రెండు వరుసల మెట్లు దాటేసరికి ఒంటికి చల్లదనం తగులుతుంది. నీళ్లకు వచ్చిన మనిషి బిందె దించి కాసేపు కూర్చోవడానికి, బాటసారి నడుం వాల్చడానికి చోటు ఉంచిన కట్టడం ఇది. నీటి అవసరం ఒక్కటే చూసుకుంటే గుండ్రటి బావి తవ్వి గిరక పెడితే సరిపోయేది. ఇంత రాయి, ఇంత శ్రమ పెట్టింది మనుషులు వచ్చి కూర్చోవడానికి కూడా.

నాకు అన్నింటికంటే ఇష్టమైనవి బావి అంచున మోట గిరకను మోసే మోట రాళ్లు. మన ఊళ్లలో మోట కొట్టడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. ఏటవాలుగా తవ్విన దారిలో జత ఎడ్లు దిగుతూ మోకు లాగుతాయి. ఆ మోకు గిరక మీదుగా బావిలోకి వెళ్లి తోలు మోటను పైకి తెస్తుంది. మోట పైకి రాగానే దాని తొండం కాలువ వైపు వదులై నీళ్లు గుమ్మరిస్తుంది. ఎడ్లు వెనక్కి నడిస్తే మోట మళ్లీ కిందికి పోతుంది. రోజంతా ఇదే పని. నిండిన మోట బరువు, రెండు ఎడ్ల లాగుడు కలిసి ఆ గిరకను మోసే రాళ్ల మీద పడతాయి. అదీ నిలకడగా పడే బరువు కాదు, కుదుపు కుదుపుగా పడేది. బావి అంచు నుంచి శూన్యంలోకి పొడుచుకు వచ్చిన రాయి ఈ కుదుపులకు ఊడిపోకుండా ఉండాలంటే బయటికి కనిపించే భాగం కంటే గోడలోకి దూరిన భాగం పొడవుండాలి, దాని మీద చాలినంత గోడ బరువు కూర్చోవాలి. ఈ లెక్కను ఆ మేస్త్రీలు కాగితం మీద రాసుకోలేదు. ఏ రాయి ఎంత మోస్తుందో సుత్తితో కొట్టినప్పుడు వచ్చే చప్పుడును బట్టి చెప్పగలిగేవాళ్లు వాళ్లు. మంచి రాయి ఖంగుమంటుంది, లోపల పగులున్న రాయి బొంగురుగా పలుకుతుంది. తెలుగునేల మీద తరతరాలుగా బావులు తవ్వి, బండలు కొట్టిన వడ్డెరల చేతుల్లో ఈ విద్య నేటికీ ఉంది.

ఈ చోటికి ముందున్న పేరు నాగన్నకుంట. 1933లో అప్పటి బ్రిటిష్ రెసిడెంట్ టి.హెచ్. కీస్ చొరవతో, సేఠ్ బన్సీలాల్ అనే వ్యాపారి ఇచ్చిన విరాళంతో ఇక్కడ ఒక ఆదర్శ గ్రామం వెలిసింది. దాత పేరే పేటకు స్థిరపడింది. బావి చుట్టూ అప్పట్లో ఉద్యానం ఉండేది. తర్వాత నల్లాలు వచ్చాయి, బావితో పని తీరింది. పని తీరిన బావికి మన ఊళ్లలో పట్టే గతే దీనికీ పట్టింది. ఇళ్ల చెత్త, కూల్చిన గోడల మట్టి, విరిగిన సామాను అంతా ఇందులోనే పడింది. చివరికి అక్కడ అంత లోతైన కట్టడం ఉందనే సంగతి కూడా చాలామంది మరిచిపోయారు.

2021లో పని మొదలైంది. రాష్ట్ర పురపాలక శాఖ, గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ, హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఒక వైపు, ఆర్కిటెక్ట్ కల్పనా రమేష్ నడిపే ‘ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్’ మరో వైపు నిలబడి కలిసి పనిచేశాయి. అప్పటి పురపాలక శాఖ ఉన్నతాధికారి అరవింద్ కుమార్ ఈ బావి విషయంలో స్వయంగా శ్రద్ధ చూపారు. 2022 మార్చిలో ప్రధాని తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో దీని గురించి చెప్పారు. 2022 డిసెంబర్ 5న అప్పటి మంత్రి కేటీఆర్ చేతుల మీదుగా బావి మళ్లీ జనానికి తెరుచుకుంది. వార్తల్లో మిగిలినవి ఈ తేదీలే. పనితనం అంతా ఈ తేదీల నడుమ జరిగింది.

తీసిన చెత్త దాదాపు 2,000 టన్నులు, ఐదువందల లారీల లెక్క. వినగానే పెద్ద యంత్రాలు దించి తోడేశారనిపిస్తుంది. కానీ ఇలాంటి బావిలో జేసీబీ తొండం ఒక్కసారి పక్కకు తిరిగి స్తంభానికి తగిలితే నాలుగువందల ఏళ్ల పని క్షణంలో పోతుంది. పైపైన తీసినంత వరకు యంత్రం సాయం పనికొస్తుంది. కిందికి దిగేకొద్దీ మనుషులు దిగాల్సిందే, తట్టలతో ఎత్తాల్సిందే. చెత్తలో కలిసిపోయిన పాత రాళ్లను గుర్తుపట్టి పక్కన పెట్టాల్సిందీ మనుషులే. మెట్టు నుంచి ఊడిన బండ ఏది, ఎవరో కూల్చిన ఇంటి బండ ఏది అనే తేడాను యంత్రం చెప్పలేదు. చెక్కిన అంచు, ఉలి గాటు, అరిగిన ముఖం చూసి మనిషే చెప్పగలడు.

ఇక్కడొక చిక్కు ఉంది. బావిని నింపేసిన ఆ చెత్తే పక్క గోడలకు ఆనుగా కూడా నిలబడుతుంది. దశాబ్దాలుగా లోపలి నుంచి ఒత్తుకుని ఉన్న బరువును ఒక్కసారిగా తీసేస్తే వెనకున్న తడిమట్టి గోడను ముందుకు తోస్తుంది. అడుగుకు చేరేసరికి ఊటలు తెరుచుకుంటాయి, నీళ్లు ఊరడం మొదలవుతుంది. ఆ నీళ్లను పంపులతో తోడితే తప్ప పని సాగదు. తొందరపడి ఎక్కువ పంపులు పెట్టి బావిని ఒక్క రాత్రిలో ఖాళీ చేస్తే లోపల నీళ్లుండవు, గోడ వెనక మట్టిలో మాత్రం నీళ్లు నిండుగా ఉంటాయి. అప్పుడు గోడ మీద పడే ఒత్తిడికి అడ్డే ఉండదు. పాత బావులు బాగు చేయించబోయి కూలిపోయాయంటే చాలాసార్లు కారణం ఈ తొందరే. కొంత తోడడం, ఆగడం, గోడ వెనక నీళ్లు రాళ్ల సందుల గుండా బయటికి వచ్చేదాకా చూడడం, మళ్లీ కొంత తోడడం, ఇదే పద్ధతి. కాంట్రాక్టు గడువు, వర్షాకాలం, పై అధికారుల పర్యటనలు అన్నీ వెంటపడుతుంటే ఇంత నిదానంగా పనిచేయడానికి ఓపికతో పాటు ధైర్యం కూడా కావాలి. బన్సీలాల్‌పేటలో మెట్లు, వసారాలు నిలబడి ఉన్నాయంటే, నీళ్లు తేటగా ఊరుతున్నాయంటే, ఎవరో ఆ ధైర్యం చేశారని అర్థం.

ఇక గోడల సంగతి. ఇంటి గోడ నీళ్లను లోపలికి రానివ్వకూడదు. మెట్లబావి గోడ రానివ్వాలి. భూమిలో ఇంకిన వాననీరు రాళ్ల సందుల్లోంచి వడకట్టుకుని లోపలికి చేరితేనే బావి బతుకుతుంది. అందుకే పాత మేస్త్రీలు చాలాచోట్ల రాళ్లను సున్నం లేకుండానే ఒకదానికొకటి ఒరిపిడి మీద నిలిచేలా పేర్చారు, సున్నం వాడిన చోట కూడా నీటికి దారి వదిలారు. గత యాభై ఏళ్లలో మన ఊళ్లలో బావులకు, గుళ్లకు జరిగిన మరమ్మతు గుర్తుకు తెచ్చుకోండి. సందు కనిపిస్తే చాలు సిమెంటు పూశారు. చూడ్డానికి గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. కానీ సిమెంటు తడిని కదలనివ్వదు. దారి మూసుకుపోయిన తడి రాతిలోంచో, రాతి వెనకున్న ఇటుకలోంచో బయటపడాలని చూస్తుంది. పోతూ పోతూ తనలో కరిగిన ఉప్పును ఉపరితలం కింద వదిలిపోతుంది. ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, ఇటుక పొరలు పొరలుగా రాలిపోతుంది. ఎండకు రాయి ఒక తీరుగా వ్యాకోచిస్తుంది, సిమెంటు ఇంకో తీరుగా. కొన్నేళ్లకు సిమెంటు పట్టీ పాత అంచును కూడా పట్టుకుని ఊడిపడుతుంది. అందుకే తెలిసిన మేస్త్రీ పాత గోడ దగ్గరకు రాగానే ముందు ఉలి తీసుకుని సిమెంటు తొలగిస్తాడు. కొత్తగా ఏదైనా పెట్టడం ఆ తర్వాతి మాట.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఈ విద్య ఎంత పైస్థాయికి చేరిందో చూడవచ్చు. ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర వారసత్వ శాఖ కలిసి 2013 నుంచి పదేళ్లకు పైగా అక్కడ పనిచేశాయి. గుమ్మటాల మీద 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును ఒలిచి మళ్లీ సున్నం పూశారు. అక్కడి బడీ బావోలి అనే మెట్లబావి గోడ వానలకు కూలితే రాళ్లు ఏరి తిరిగి పేర్చారు. గోల్కొండ మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ అవార్డుల్లో ‘అవార్డ్ ఆఫ్ డిస్టింక్షన్’ దక్కింది. ఆ పనిచోట్ల సున్నం కలిపిన తీరు మన అమ్మమ్మలు తాతయ్యలు చూసిన డంగు సున్నం తీరే.

డంగు సున్నం గురించి కాస్త వివరంగా చెప్పాలి. సున్నపురాయిని బట్టీలో కాల్చితే తేలికైన తెల్లటి గడ్డలవుతుంది. దాని మీద నీళ్లు పోస్తే బుసబుస పొంగుతూ ఉడుకుతుంది, పక్కన నిలబడలేనంత వేడి. అలా ఉడికిన సున్నాన్ని గుంటలో నీళ్ల కింద వారాల తరబడి, కుదిరితే నెలల తరబడి నానబెడతారు. ఎంత నానితే అంత వెన్న. తర్వాత ఇసుక, ఇటుక పొడి చేర్చి డంగులో వేస్తారు. గుండ్రటి రాతి కాలువ, అందులో తిరిగే రాతి చక్రం, దాన్ని లాగే ఎడ్లు. ఇప్పుడు ఎడ్ల బదులు మోటారు తిప్పుతోంది. చక్రం సున్నాన్ని ఊరికే కలపదు, ఒత్తి నూరుతుంది. ప్రతి ఇసుక రేణువు చుట్టూ సున్నం పట్టేదాకా నూరుతుంది. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు, మారేడు గుజ్జు, మినుముల జిగురు, కోడిగుడ్డు సొన వంటివి పనిని బట్టి కలుపుతారు. బెల్లం, కరక్కాయ గట్టిదనాన్నిస్తాయి. మినుములు, గుడ్డుసొన జిగటనిచ్చి నీళ్లు తొందరగా దిగకుండా చూస్తాయి. తగిన పాలు ఎంతన్నది ఎండను బట్టి, ఇసుకను బట్టి, పూసే చోటును బట్టి మారుతుంది. సున్నం పదును చూడడానికి మేస్త్రీ తాపీ మీద ముద్ద వేసి తలకిందులు చేస్తాడు. జారకుండా పట్టుకుని ఉంటే సిద్ధమైనట్టు.

పూసే పద్ధతి ఇంకా నేర్పుతో కూడింది. సందును లోతుగా గీకి, దుమ్ము పోయేలా నీళ్లతో కడిగి, రాయి తడి తాగి తృప్తి పడ్డాక సున్నం నొక్కుతారు. పొడి రాయి మీద సున్నం పెడితే రాయి దానిలోని నీళ్లన్నీ పీల్చేస్తుంది, సున్నం పొడిపొడిగా రాలిపోతుంది. ఒక్కసారే మందంగా పెట్టరు. పలచగా ఒక పొర వేసి, అది బిగిశాక ఇంకో పొర వేస్తారు. ఎండ తగలకుండా తడి గోనెపట్టాలు కప్పుతారు. సిమెంటు పని మర్నాటికి గట్టిపడుతుంది, మేస్త్రీ మర్నాడు ఇంకో పనికి పోవచ్చు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలకు, ఏళ్లకు నెమ్మదిగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. సన్నటి పగులు వస్తే లోపలి సున్నం తడిలో కరిగి ఆ పగులులోకే చేరి గడ్డకడుతుంది. గుమ్మటాలు, కోటగోడలు ఇన్ని వందల ఏళ్లు వానకు తట్టుకున్నాయంటే ఈ గుణం ఒక ముఖ్య కారణం. 1824లో ఇంగ్లండ్‌లో జోసెఫ్ ఆస్ప్‌డిన్ పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. అంటే సిమెంటు వయసు రెండు వందల ఏళ్లు. సున్నం వేల ఏళ్లుగా తనను తాను నిరూపించుకుంది.

మళ్లీ బన్సీలాల్‌పేటకు వద్దాం. అక్కడ నేను మెచ్చుకునే ఇంకో సంగతి, కొత్తగా చేర్చిన సదుపాయాలన్నీ బావి బయటే ఉన్నాయి. సందర్శకుల కోసం కట్టిన భవనం, జనం కూర్చోవడానికి మెట్ల వేదిక, పచ్చిక, ఏవీ పాత కట్టడాన్ని ఆనుకుని దాన్ని మింగేసేలా లేవు. అరిగిన మెట్టును తీసేసి నున్నటి పాలిష్ బండ వేయాలనే ఆశ ఇలాంటి చోట ఎంత బలంగా ఉంటుందో మున్సిపాలిటీ పనులు చూసినవాళ్లకు తెలుసు. ఆ ఆశకు లొంగకపోవడం చిన్న విషయం కాదు. మెట్టు నడిమిలో పల్లం పడిందంటే అది లోపం కాదు, ఎన్ని తరాల పాదాలు దాని మీద దిగాయో చెప్పే ఆధారం. భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్న జాన్ మార్షల్ 1923లో సంరక్షణ మాన్యువల్ రాశారు. పాతదాన్ని కొత్తదానిలా మార్చడం కంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టడం మేలన్నదే అందులోని సారాంశం. 1964 నాటి వెనిస్ చార్టర్ కూడా ఊహ మొదలయ్యే చోట పునరుద్ధరణ ఆగిపోవాలని చెప్పింది. బన్సీలాల్‌పేట పని చాలా వరకు ఈ గీత దాటలేదు. రాత్రి దీపాల అలంకారం మాత్రం నాకు కొంచెం ఎక్కువనిపించింది. ఆ రాతికి అంత వెలుగు అక్కర్లేదు. అది రేపు మార్చుకోగలిగిన విషయమే కాబట్టి పెద్ద తప్పుగా లెక్కవేయను.

గ్రేటర్ హైదరాబాద్ పరిధిలో ఇలాంటి పని ఇంకొకటి మొజంజాహీ మార్కెట్. 1935లో పూర్తయిన గ్రానైట్ కట్టడం. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు మొజంజా పేరు పెట్టుకుంది. ఆయన నగర అభివృద్ధి మండలికి అధ్యక్షుడు. అంటే పుట్టుకతోనే ఇది ఊరి పాలన కట్టించిన కట్టడం. పండ్ల వ్యాపారం కొత్తపేటకు తరలిపోయాక మార్కెట్ కళ తప్పింది. రేకుల షెడ్లు, ఆస్‌బెస్టాస్ పందిళ్లు, కరెంటు తీగలు, ఎవరికి తోచిన రంగు వాళ్లు పూసిన కమాన్లు, ఇవన్నీ కలిసి రాతి ముఖాన్ని పూర్తిగా కప్పేశాయి. 2018లో పని మొదలై, 2020 ఆగస్టులో మార్కెట్ తిరిగి తెరుచుకుంది. అక్కడి పనితనమంతా తీసేయడంలో ఉంది. రాతికి పట్టిన రంగు వదిలించడం చాలా సున్నితమైన పని. ఇసుకను జోరుగా చిమ్మి కొడితే రంగుతో పాటు రాతి చర్మం కూడా పోతుంది. ఘాటు యాసిడ్ వాడితే మరకలు మిగులుతాయి. ఓర్పుగా పొర పొరగా వదిలిస్తేనే ఉలి గాట్లు చెక్కుచెదరకుండా బయటపడతాయి. ఇప్పుడు గడియారపు గోపురం కింద నిలబడి చూడండి. పక్కపక్క రాళ్ల సందులు ఎంత సన్నగా ఉన్నాయో, కమాను నడిమి రాయి ఎంత సూటిగా కూర్చుందో తెలుస్తుంది. పైగా దుకాణాలు అక్కడే ఉన్నాయి, ఐస్‌క్రీమ్ తినే జనం అక్కడే ఉన్నారు. వ్యాపారం చేసుకునే వాళ్లను వెళ్లగొట్టి మ్యూజియం చేయలేదు. ఇది నాకు చాలా నచ్చిన నిర్ణయం.

ఇలాంటి పనులు మొదట కాగితం మీదే గెలవాలి. మున్సిపల్ ఇంజినీరు ఎస్టిమేట్ వేసేది ప్రభుత్వ రేట్ల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్ చూసుకుని. ఆ రేట్ల పట్టికలో సిమెంటు పనికి, కాంక్రీటుకు, టైల్స్‌కు లెక్కలు సిద్ధంగా ఉంటాయి. నెలల తరబడి నానిన సున్నానికి, ఉలితో సందు గీకే మేస్త్రీ రోజు కూలికి, ఆగి చూడడానికి పట్టే సమయానికి ధర కట్టడం అంత తేలిక కాదు. తక్కువ కోట్ చేసినవాడికే పని అనే పద్ధతిలో పోతే పని సున్నం తెలియనివాడి చేతికి పోతుంది. కొలతల పుస్తకంలో ఇన్ని చదరపు మీటర్లు పూశామని రాస్తే బిల్లు వస్తుంది, పూయకుండా వదిలేసిన చోటికి బిల్లు రాదు. కానీ పాత కట్టడంలో పూయకుండా వదిలేయడమే చాలాచోట్ల మంచి పని. అందుకే సంరక్షణ తెలిసిన ఆర్కిటెక్టును మొదటి రోజు నుంచి పక్కన పెట్టుకోవడం, టెండర్‌లోనే సున్నపు పని అనుభవాన్ని షరతుగా రాయడం, పని మధ్యలో కొత్తగా బయటపడిన దాన్ని బట్టి ఎస్టిమేట్ సవరించుకునే వీలు ఉంచడం తప్పనిసరి. బన్సీలాల్‌పేటలో, మొజంజాహీలో మంచి ఫలితం వచ్చిందంటే ఇంజినీర్లు, అధికారులు తమ అలవాటును పక్కన పెట్టి తెలిసినవాళ్ల మాట విన్నారని అర్థం. వాళ్లకూ నా నమస్కారం.

చట్టం సంగతి ఒక మాట. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) 1981 నాటి జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన హైదరాబాద్‌లోని చారిత్రక భవనాలకు రక్షణ ఇచ్చింది. 2015లో దాన్ని తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. 2019లో ఇర్రం మంజిల్ అనే పాత భవంతిని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఈ పోరాటమంతా రాజధాని చుట్టూనే తిరిగింది. జిల్లాల్లో ఉన్నవాటి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. రాజ్యాంగం 12వ షెడ్యూల్ పురపాలక సంఘాలకు అప్పగించగల పనుల్లో సాంస్కృతిక, విద్యా, సౌందర్య విషయాల ప్రోత్సాహం కూడా ఉంది. అంటే పాత కట్టడాన్ని చూసుకోవడం మున్సిపాలిటీ తన పనిగా భావించడానికి అడ్డేమీ లేదు.

సిద్దిపేట మున్సిపాలిటీకి పని చేయించే దక్షత ఉంది. కోమటిచెరువు కట్టను పొద్దున, సాయంత్రం వేలమంది నడిచే చోటుగా తీర్చిదిద్దిన ఊరు ఇది. 2017లో నంగునూరు మండలం నర్మెట్ట, పాలమాకులలో వారసత్వ శాఖ పెద్దరాతి యుగపు సమాధులు తవ్వినప్పుడు ఆ మూతరాళ్లను చూడడానికి చుట్టుపక్కల జనం కదిలి వచ్చారు. పాతదాని మీద మనవాళ్లకు ఆసక్తి లేదని అనలేం. ఇప్పుడు కావలసింది ఆ ఆసక్తిని చేతిపనికి జోడించడం. జిల్లా ఊళ్లలో గడీలున్నాయి, మట్టిబురుజులున్నాయి, డంగు సున్నంతో కట్టిన భవంతి ఇళ్లున్నాయి, చెట్లు మొలిచిన మెట్లబాయిలున్నాయి. కొన్నింటికి వారసుల మధ్య పంచాయితీలున్నాయి. కొన్నింటిని ఎవరూ పట్టించుకోరు. గడీ అనగానే చాలామందికి దొరల దౌర్జన్యమే గుర్తొస్తుంది, అది న్యాయమైన కోపమే. అయితే ఆ గోడలు కట్టింది వడ్డెరలు, కమ్మర్లు, వడ్లోళ్లు, కూలీలు. కూలిపోతే పోయేది వాళ్ల పనితనమే.

దగ్గర్లోనే కామారెడ్డి జిల్లాలో దోమకొండ కోట ఉంది. అది ప్రభుత్వ పని కాదు, కోట యజమానుల కుటుంబమే పూనుకుని ఆర్కిటెక్ట్ అనురాధా నాయక్ ఆధ్వర్యంలో బాగు చేయించుకుంది. 2022లో దానికి యునెస్కో ‘అవార్డ్ ఆఫ్ మెరిట్’ వచ్చింది. మన జిల్లా పక్కనే, మన మట్టిలాంటి మట్టిలో, మన ఎండావానల్లో సున్నపు పని ఇంత బాగా జరిగిందంటే ఆ నేర్పు మనకూ అందుబాటులో ఉన్నట్టే.

మున్సిపాలిటీకి, గ్రామ పంచాయతీలకు నా విన్నపం ఇది. ముందు ఒక్కో వార్డులో, ఒక్కో ఊళ్లో ఏమున్నాయో ఫొటోలతో, కొలతలతో పట్టిక రాయండి. దానికి పెద్ద ఖర్చు లేదు. డిగ్రీ కాలేజీ చరిత్ర విద్యార్థులు, ఐటీఐ పిల్లలు సంతోషంగా చేస్తారు. తర్వాత ఒక్క మెట్లబావిని ఎంచుకోండి. పది మొదలుపెట్టి సగంలో వదిలేయడం కంటే ఒకటి పూర్తిగా చేయడం మేలు. దాని కోసం సున్నం పని తెలిసిన మేస్త్రీని తెప్పించి, మన దగ్గర పనిచేస్తున్న కుర్రాళ్లను నలుగురిని అతని పక్కన పెట్టండి. అన్నింటికంటే ముందు, బన్సీలాల్‌పేటకు మీ ఇంజినీర్లను పంపి ఒక పూట అక్కడ ఉండమనండి.

చదువుతున్న మీకు కూడా ఒక మాట. మీ ఊరి పాత గోడ మీద ఎవరైనా సిమెంటు బస్తా విప్పుతుంటే కనిపిస్తే ఆగి అడగండి, సున్నం ఎందుకు వాడడం లేదని. మీ ఊళ్లో చెత్త పడుతున్న బాయి ఉంటే ముందు అందులో చెత్త వేయడం ఆపించండి. ఆ మొదటి పనికి ఎస్టిమేట్ గానీ, టెండర్ గానీ అక్కర్లేదు.